అరవై ట్రేల పులావూ, రాయని ఒక్క మాటా

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళంతా అక్కడి రోడ్ల గురించి చెబుతారు. రోడ్లు బాగున్నాయి. ఆ మాట అయిపోయింది కాబట్టి మిగతాది చెబుతాను. నేనక్కడ మూడు వారాలున్నాను. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం, పెద్ద చదువులు చదివిన వాళ్ళు తమకు తెలిసిన సంగతిని నాలుగు ముక్కల్లో కాగితం మీద పెట్టలేక పడే అవస్థ.

నా సంగతి కూడా ముందే చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు మిషన్ హాస్టల్లో వంట చేశాను. నలభై ఒకటో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు చదువుతాను, నెమ్మదిగా రాస్తాను. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే కూడబలుక్కుంటాను. ఈ రాతలో తప్పులు కనబడితే మీరే దిద్దుకోండి, నాకు చెప్పనక్కర్లేదు.

నెవార్క్: మూడు చుట్లు

నన్ను పిలిపించింది మా చెల్లెలి కూతురు కరుణ. పార్సిప్పనీ అనే ఊళ్ళో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "నా కాంట్రాక్ట్ ఎప్పుడు ఎండ్ అవుద్దో తెలీదు పెద్దమ్మా, నేనిక్కడ ఉండగానే వచ్చి చూసెళ్ళు" అంది. బయల్దేరే ముందు ఫోన్లో సూచనలు చెప్పింది, కాగితం మీద రాసుకున్నాను. "దిగాక బ్యాగులు తీసుకుని బయటికొచ్చెయ్యి. ఎగ్జిట్ దగ్గర ఉంటా." కింద తన నంబరు. భూగోళానికి అటువైపు పోవడానికి రెండు వాక్యాలు.

నెవార్క్ విమానాశ్రయంలో దిగగానే బాత్రూంకి వెళ్ళాను. చేతులు కడుక్కోబోతే కుళాయికి పిడి లేదు. తట్టాను, నొక్కాను, మెడ పట్టుకుని తిప్పాను. చివరికి పైట కొంగుకి తుడుచుకుని వచ్చేశాను. బ్యాగులు తీసుకున్నాను. బయటికి పోయే తలుపులు ఒకటి కాదు, జనం ఎటు పోతే అటు పోయాను. వాళ్ళు డ్రైవరు లేని చిన్న రైలెక్కారు, నేనూ ఎక్కాను. అది విమానాశ్రయం ఈ చివర నుంచి ఆ చివరికి పోయి మళ్ళీ ఈ చివరికి వస్తుంది. అంతకుమించి దానికి వేరే ఆశయం లేదు. మూడు చుట్లు తిరిగాను. టికెట్ అడగలేదు, అదొక్కటే మంచి.

నేల తుడిచే ఒకావిడ నన్ను రెండోసారి చూసి గుర్తుపట్టింది. ఆవిడది స్పానిష్, నాది తెలుగు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రం. అయినా శుభ్రంగా మాట్లాడుకున్నాం. కాగితం మీది నంబరుకి తన ఫోన్లోంచి చేసి, చెయ్యి పట్టుకుని తలుపు దాకా తీసుకొచ్చింది.

కరుణ పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఎగ్జిట్ అంటే అరైవల్స్ ఎగ్జిట్ పెద్దమ్మా! అది అందరికీ తెలుసుగా!"

"తెలిసినవాళ్ళకి కాగితం ఎందుకే?" అన్నాను.

'అందరికీ తెలుసుగా' అన్న ఆ మాట గుర్తుపెట్టుకోండి. ముందు ముందు చాలామంది భోజనం దాని మీదే ఆధారపడి ఉంది.

పార్సిప్పనీ: మీటల కొంప

పార్సిప్పనీలో మనుషులు కార్లలో ఉంటారు, ఇళ్ళలో పడుకుంటారు. పాల ప్యాకెట్ కావాలన్నా కారు తీయాలి. మెట్లెక్కుతూ ఎదురైన తెలుగువాళ్ళు ముగ్గురు, ముగ్గురూ చెవిలో ఫోన్‌తో ఎవరితోనో నవ్వుతూ నాకు తలాడించి పోయారు. మా వీధిలో అలా చేస్తే ఒంట్లో బాగోలేదా అని ఇంటికొచ్చి అడుగుతారు.

కరుణతో పాటు ఆ ఇంట్లో శ్రావణి అనే పిల్ల అద్దె పంచుకుంటుంది. కరీంనగర్ పిల్ల, నోరున్న పిల్ల, నాకు నచ్చింది. మైక్రోవేవ్ ముందు నిలబడి మీటలు చూస్తుంటే అరిచింది.

"ఆంటీ, గా బటన్ ఒత్తకుండ్రి! అది పాప్‌కార్న్‌ది."

"మరి అన్నానికేది?"

"అన్నానికి లేదాంటీ. మనమే అందాజాతోని కొట్టుకోవాలె."

ఆ దేశంలో రాతలకి లోటు లేదు. కాఫీ గ్లాసు మీద 'వేడిగా ఉంటుంది జాగ్రత్త' అని రాస్తారు. తడి నేల మీద జారే మనిషి బొమ్మ పెడతారు. ఇంత జాగ్రత్త గల దేశంలో మా పిల్ల చేసే పనికి మాత్రం రాత కరువైంది.

ఆ పని ఏమిటో భోజనాల దగ్గర చెప్పింది. కంప్యూటర్లో ఏజెంట్ అని ఒక పనివాడుంటాడు. మనిషి కాదు, ఏఐ. మనం మామూలు మాటల్లో చెబితే వింటాడు. కానీ వాడికి చేతుల్లేవు, పనిముట్లు మనమివ్వాలి. ఆర్డర్ పెట్టడానికొకటి, రద్దు చెయ్యడానికొకటి, ధరలు చూడటానికొకటి. ఒక్కో పనిముట్టుకీ ఇది ఫలానా పనికి అని చీటీ రాసి తగిలించాలి. వాడు ఆ చీటీలు చదివి ఏది పట్టుకోవాలో తేల్చుకుంటాడు. కరుణ వాళ్ళ కంపెనీ ఇండియన్ హోటళ్ళ కోసం ఇలాంటి పనివాణ్ణి తయారుచేస్తోంది. వచ్చే బుధవారం హెర్న్‌డన్‌లో పెద్ద పార్టీ ముందు డెమో, అంటే కొనేవాళ్ళకి చేసి చూపించడం. వాళ్ళకి నచ్చితే కరుణ కాంట్రాక్టు పొడిగిస్తారు. నచ్చకపోతే ఆ నెలాఖరుతో సరి.

"తర్వాత?" అన్నాను.

"వీసా రూల్ ప్రకారం సిక్స్‌టీ డేస్ పెద్దమ్మా. ఈలోపు ఇంకో జాబ్ దొరక్కపోతే బ్యాగ్స్ సర్దుకోవడమే." అన్నం కలుపుతూనే చెప్పింది, తినలేదు.

ఐసెలిన్: గోంగూర మూడు డాలర్లు

శుక్రవారం ఐసెలిన్ అనే ఊరికి తీసుకెళ్ళారు. అక్కడొక వీధి వీధంతా మనవాళ్ళ దుకాణాలే. చీరలు, బంగారం, మిఠాయిలు, వాటి మధ్యలో ఏం కొనకుండా నడిచే నాలాంటి పెద్దవాళ్ళు. గోంగూర కట్ట మూడు డాలర్లు. మా పెరట్లో మేకలు నమిలే సరుకు. కట్ట ఎత్తి కిందా మీదా చూస్తుంటే, గల్లా దగ్గరున్న గుజరాతీ ఆవిడ ఇది ఎలా వండుతారని సైగ చేసింది. చెప్పాను. ఎండుమిరపకాయల సంఖ్య చేతివేళ్ళతో చూపిస్తే దణ్ణం పెట్టింది.

ఆ వీధి చివరే బాబ్జీ గారి హోటలు. భీమవరం ఆయన. కరుణ వాళ్ళ ఏజెంట్‌ని ముందుగా తన హోటల్లో పెట్టుకోవడానికి ఒప్పుకున్న ధైర్యవంతుడు. ఆదివారం కరుణ వెళ్ళే తెలుగు చర్చిలో భోజనాలు అక్కణ్ణించే. ఫోన్ చేసి చెబితే అయిపోయేదానికి, డెమోకి ముందు టెస్ట్ అవుతుందని కరుణ ఏజెంట్‌కి చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం చర్చి లంచ్‌కి అరవై మందికి చికెన్ పులావ్ అని టైప్ చేసింది.

'ఆర్డర్ పెట్టేశాను' అని జవాబొచ్చింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను, అబద్ధం ఎందుకు.

ఆదివారం: పులావ్ వచ్చెను

అక్కడ తెలుగు చర్చికి సొంత గుడి లేదు. అమెరికా వాళ్ళ చర్చిని అద్దెకి తీసుకుని, వాళ్ళ ఆరాధన అయ్యాక మనవాళ్ళు పెట్టుకుంటారు. కుర్చీల్లో కూర్చుంటారు, చెప్పులు విప్పరు. పిల్లలు తెలుగు పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడతారు. దేవుడికి అర్థమవుతుందనే నమ్మకం.

మేము చర్చికి బయల్దేరుతుండగా బాబ్జీ గారు ఫోన్ చేశారు. "కరుణమ్మా, ఇరవై రెండు ట్రేలు రెడీ అయిపోయాయండీ. మిగతా ముప్ఫై ఎనిమిదీ నాలుగింటికి పంపితే పర్లేదా? పొద్దున్న మూడింటి నుంచీ మా వంటాయన కూర్చోలేదండీ."

అమెరికాలో మనవాళ్ళు విందు భోజనాన్ని ట్రేల్లెక్కన కొంటారు. అల్యూమినియం ట్రే, పెట్టె అంత ఉంటుంది, ఒక ఫుల్ ట్రే పాతిక మంది తినొచ్చు. ఏజెంట్ మనిషికో ట్రే పెట్టాడు.

"అరవై ట్రేలంటే మీకైనా డౌట్ రాలేదా అంకుల్?" అని కరుణ దాదాపు ఏడ్చింది.

"మొన్నొక అసోసియేషన్ మీటింగుకి నలభై వెళ్ళాయమ్మా. మీ చర్చి పెరిగిందేమో అనుకున్నాం."

మిగిలింది ఆపించాలని కరుణ ఏజెంట్‌ని రద్దు చెయ్యమంది. రద్దు పనిముట్టు 'ఫెయిల్డ్' అంది. ఎందుకో చెప్పలేదు. ఏజెంట్ మళ్ళీ కొట్టాడు. పదకొండుసార్లు కొట్టి, ఆ తర్వాత పేరా నిండా క్షమాపణ రాశాడు. మర్యాద మాత్రం బాగా నేర్పారు. చివరికి శ్రావణి ఫోన్ లాక్కుని "అంకుల్, పొయ్యి బంద్ చెయ్యుండ్రి!" అంటే ఆగింది.

ఆ మధ్యాహ్నం ఇరవై రెండు ట్రేలు వరసగా లోపలికి వస్తుంటే పాస్టరు గారు వాక్యం మధ్యలో ఆగిపోయారు. యేసు ఐదు రొట్టెలు వేలమందికి పంచిన కథలోలా, మిగిలినవి పన్నెండు గంపలకి పైనే ఉంటాయని చమత్కరించారు. అందరూ నవ్వారు, కరుణ తప్ప. ఇంటికో ట్రే మోసుకుపోయారు. మేము మంగళవారం దాకా పులావే తిన్నాం.

సోడా డబ్బా

సోమవారం కరుణ మేనేజర్ ఫోన్. బాబ్జీ గారు నాకొద్దు ఈ ఏజెంట్ అన్నారట. డెమోలో పార్టీవాళ్ళు సరిగ్గా ఇదే అడుగుతారు, మళ్ళీ తప్పితే ప్రాజెక్టు మూసేస్తాం అని చెప్పి పెట్టేశాడు.

"ఆ ఏజెంట్ లోపలుండే ఏఐ మోడలే స్టుపిడ్ పెద్దమ్మా. చిన్నపిల్లాడికి కూడా తెలుసు అరవై మందికి అరవై ట్రేలు కావని."

"నువ్వు దానికి ఏం రాసిచ్చావు?"

తెరిచి చూపించింది. ఇంగ్లీషులో ఒక్క లైను. తెలుగులో చెప్పమన్నాను. "ప్లేస్ ఆర్డర్. ఆర్డర్ పెడుతుంది. ఐటెమ్, క్వాంటిటీ, డేట్ ఇవ్వాలి."

"క్వాంటిటీ అంటే?"

"ఎన్ని అని."

"దేన్ని?"

"ట్రేలు పెద్దమ్మా. అది అందరికీ..." అని ఆగింది.

అప్పుడు కరుణకి సోడా డబ్బా సంగతి చెప్పాను. ఎప్పుడూ చెప్పలేదు, చెప్పుకోదగ్గది కాదు. హాస్టల్ స్టోరు గదిలో రెండు తెల్ల డబ్బాలుండేవి. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో బట్టల సోడా. స్టోరు గుమాస్తా ఒకదాని మీద నాలుగు, ఒకదాని మీద ఏడు అని అంకెలు రాశాడు. ఏ అంకె ఏదో ఆయన పుస్తకంలో ఉంది. పుస్తకం ఆయన బీరువాలో ఉంది. నేను చోటు గుర్తుపెట్టుకునే తీసేదాన్ని. ఒక వారం డబ్బాల చోటు మార్చారు, నాకు చెప్పలేదు. నూట ఇరవై మంది పిల్లల పప్పులో సోడా పడింది. పిల్లలు కక్కుకున్నారు. 'డబ్బా మీద రాసుందిగా, కళ్ళు లేవా' అని అందరి ముందూ తిట్టి, నన్ను రెండు వారాలు అంట్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆ ఏడే నేను సాయంత్రం బడికి వెళ్ళాను. రాయడం వచ్చాక మొదట రాసింది నా పేరు కాదు. 'ఇది ఉప్పు కాదు. బట్టల సోడా. కూరలో వెయ్యొద్దు. ఉప్పు కింది అరలో ఉంది.' బంక పెట్టి అతికించాను. ఆ తర్వాత ఆ వంటింట్లో ఎవరు వండినా సోడా పడలేదు.

"నీ మిషను స్టుపిడ్ కాదే. అది అప్పటి నాలాంటిదే" అన్నాను. "చదువుతుంది, చెప్పింది చేస్తుంది, నీ బీరువాలో ఉన్న పుస్తకం దానికి కనబడదు."

కరుణ లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

దారిలో: చీటీలు

హెర్న్‌డన్ వర్జీనియాలో ఉంది. కారులో ఐదు గంటలు. మంగళవారం బయల్దేరాం. శ్రావణి డ్రైవింగ్, నేను పక్కన, వెనక లాప్‌టాప్‌తో కరుణ. ఒక్కో పనిముట్టు మీది రాత కరుణ తెలుగులో చెబుతుంది, నేను తెలియనిదాన్నై అడుగుతాను. అడగడానికి నేను నటించాల్సిన పని కూడా లేదు.

ఒక దానికి అర పేజీ రాసుంది. హమ్మయ్య, ఇదైనా రాశారు అనుకున్నాను. చదివితే అంతా 'శక్తిమంతమైన, అతుకుల్లేని, కొత్త తరం' అని ఉంది.

"ఇది ఏం చేస్తుందే?"

"ధరలు చూపిస్తుంది. ఇది మార్కెటింగ్ వాళ్ళు రాశారు."

"తీసెయ్. 'ధరలు చూపిస్తుంది, ఆర్డర్ పెట్టదు' అని రాయి."

ధరలకే ఇంకో పనిముట్టు కూడా ఉంది. పాతది, నిరుటి ధరలది. ఎవరూ తీసెయ్యలేదు. పగిలిన గరిటెని మంచి గరిటె ఉన్న మేకుకే తగిలిస్తే హడావిడిలో చెయ్యి ఏదో ఒకదాని మీదకి పోతుంది. దాన్నీ తీయించాను.

దారిలో ఒక విశ్రాంతి స్థలంలో ఆగాం. ముడివేసిన జంతిక లాంటిది ఒకటి కొనిపెట్టారు, ఏడు డాలర్లు, పైన ఉప్పు రాళ్ళు. ఆ ధరకి మా ఊళ్ళో జంతికలు డబ్బాడు వస్తాయి, నములుతుంటే శబ్దం కూడా వస్తుంది. బాత్రూంలో మళ్ళీ పిడి లేని కుళాయి. ఈసారి పక్కావిడ ఏం చేస్తోందో దొంగచూపు చూసి నేర్చుకున్నాను. చెయ్యి కింద పెట్టి ఊరుకోవాలి. ఇంతే అని రాసి పెడితే వాళ్ళ సొమ్మేం పోయిందో.

మేరీలాండ్ దాటేసరికి అసలు చీటీ తయారైంది. కరుణ ఇంగ్లీషులో పెట్టింది, నేను చెప్పింది ఇది. 'ఇది నిజంగానే ఆర్డర్ పెడుతుంది, సరదాకి వాడొద్దు. అంకె అంటే ట్రేలు, మనుషులు కాదు. ఒక ఫుల్ ట్రే పాతిక మందికి. ఎదుటివాళ్ళు మనుషుల లెక్క చెబితే ట్రేల్లోకి మార్చి, ఎన్ని ట్రేలో చెప్పి, సరే అన్నాకే పెట్టు. తెలియకపోతే అడుగు. అడగడం తప్పు కాదు.' రద్దు పనిముట్టుకి, 'వంట మొదలయ్యాక ఇది పనిచెయ్యదు. అప్పుడు మళ్ళీ మళ్ళీ కొట్టకు. హోటలుకి ఫోన్ చెయ్యమని చెప్పు.'

"ఇంత విడమరిచి రాస్తే టీంలో నవ్వుతారు పెద్దమ్మా."

"పులావ్ చూసి నవ్వలేదా?"

శ్రావణి స్టీరింగ్ మీద కొట్టి నవ్వింది. "ఆంటీకి మా ఆఫీస్ల జాబ్ ఇప్పియ్యాలె. వీసా ఎవరిస్తరో చూడాలె."

నిజం ఆర్డర్ పోకుండా ఏర్పాటు చేసుకుని, దారి పొడుగునా రకరకాలుగా అడిగి చూశాం. 'ఎనిమిది కుటుంబాలకి' అంటే ఒక్కో కుటుంబంలో ఎంతమంది అని ఏజెంట్ అడిగాడు. నాకు ముచ్చటేసింది. మా హాస్టల్లో ఏ వార్డెనూ వచ్చిన చుట్టాలెంతమందో నాకు చెప్పిన పాపాన పోలేదు.

హెర్న్‌డన్: గాజు గోడ

బుధవారం నన్ను ఆఫీసు కింది హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి వెళ్ళారు. పక్కనే మీటింగు గది, గోడ మొత్తం గాజు. మాటలు వినబడవు, మొహాలు కనబడతాయి. బల్ల దగ్గర కాపలా ఉన్నావిడ ఇథియోపియా మనిషి. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే మంచినీళ్ళ సీసా తెచ్చి చేతిలో పెట్టి, గాజు వైపు చూపించి, "కూతురా?" అంది. అవునన్నాను. అక్క కూతురో చెల్లెలి కూతురో విడమర్చే ఓపిక లేదు. చీటీల్లో విడమరిచి విడమరిచి అలిసిపోయి ఉన్నాను.

లోపల ఒక పొడుగు తెల్లాయన టైప్ చేశాడు. అందరూ గోడ మీది తెర చూశారు. కరుణ రెండు చేతులూ బల్ల కింద దాచుకుంది. తెల్లాయన మళ్ళీ టైప్ చేశాడు. కనుబొమ్మలు పైకి లేచాయి. అది మంచికో చెడుకో గాజులోంచి తెలియదు. తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఈసారి కొట్టలేదు. మొదటిసారి కొట్టి చూశాను కదా.

కరుణ బయటికొచ్చి సోఫాలో నా పక్కన కూలబడింది.

"అరవై మందికన్నాడు పెద్దమ్మా. మూడు ఫుల్ ట్రేలు సరిపోతాయి, పెట్టనా అని అడిగింది. తర్వాత కావాలని వంట మొదలయ్యాక క్యాన్సిల్ చెయ్యమన్నాడు. ఒక్కసారే ట్రై చేసి, హోటలుకి ఫోన్ చెయ్యమంది. సిక్స్ మంత్స్ ఎక్స్‌టెండ్ చేశారు."

"మరి ఏడుపెందుకే?"

"ఏడవట్లేదు. మేనేజర్ ఏమన్నాడో తెలుసా? మోడల్ ఎంత స్మార్ట్ అయిపోయింది, కొత్త మోడల్ వేశావా అని. అదే మోడల్, చీటీలు మార్చానని చెప్పా. ఓకే ఓకే, స్లైడ్‌లో మాత్రం మోడల్ ఇంటెలిజెన్స్ అని పెట్టు అన్నాడు."

నాకు గుమాస్తా గుర్తొచ్చాడు. సోడా ఆగిపోయాక ఆయన కూడా, వంటావిడకి ఇప్పటికి బుద్ధొచ్చింది అన్నాడు. డబ్బా మీది కాగితం చదవలేదు.

డల్లస్ విమానాశ్రయం: రెండో కాగితం

నా తిరుగు ప్రయాణం అక్కడికి దగ్గర్లో, వర్జీనియాలోనే ఉన్న డల్లస్ విమానాశ్రయం నుంచి, దోహాలో విమానం మారాలి. లోపలికి పంపేముందు కరుణ ఒక కాగితం ఇచ్చింది. తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

'ఈ కాగితం దోహాలో విమానం మారడానికి. ఇమిగ్రేషన్ వాళ్ళకి ఇది కాదు, పాస్‌పోర్ట్ చూపించాలి. దోహాలో బ్యాగుల కోసం వెతకొద్దు, అవి హైదరాబాద్‌లోనే వస్తాయి. జనం వెంట పోవద్దు. తెర మీద నీ విమానం నంబరు చూడు, ఇక్కడ రాశాను. గేటు మారితే కంగారుపడకు, మారుతుంటాయి. ఇందులో లేనిది ఏదైనా జరిగితే ఊహించుకోవద్దు, యూనిఫాంలో ఉన్నవాళ్ళకి వెనకవైపు చూపించు, ఇంగ్లీషులో రాశాను. తెలియకపోతే అడుగు. అడగడం తప్పు కాదు.'

చివరి రెండు ముక్కలూ నావే. మిషను కోసం చెప్పినవి.

రెండుసార్లు చదివాను. ఇలా రాయడం దీనికి చేతకాక కాదు మొదట రాయనిది. రాయాలని తోచలేదు. పెద్దమ్మ ఎలాగోలా తంటాలు పడుతుందిలే అని. నలభై ఏళ్ళు నేను అక్షరాల్లేకుండా తంటాలు పడుతుంటే నా కోసం ఇంత విడమరిచి రాయడానికి ఒక్కరికీ తీరలేదు. మిషనుకి అర్థం కాకపోతే డెమో పోతుందని తెలిశాక ఈ లోకానికి రాయడం వచ్చింది. సరే, ఎలాగైతేనేం వచ్చింది. మొహం మీదే అన్నాను కూడా. కరుణ తల దించుకుని, "సారీ పెద్దమ్మా" అంది. దగ్గరికి తీసుకున్నాను. అంటాను, తర్వాత దగ్గరికి తీసుకుంటాను. నా పద్ధతి అది.

దోహాలో గేటు మారింది. కంగారుపడలేదు. మంద వెంట పోలేదు. గంట ముందే వచ్చి కూర్చున్నాను.

ఇప్పుడు మా ఊరి చర్చిలో రత్నమ్మ వచ్చే నెల కొడుకు దగ్గరికి అదే దారిన వెళ్తోంది. కాగితం అడిగింది. బ్యాగులు వచ్చే ఊరూ విమానం నంబరూ మార్చి, ఇచ్చేముందు మళ్ళీ చదివాను. కరుణ బాగా రాసింది కానీ ఒకటి మర్చిపోయింది. అది అందరికీ తెలుసనుకుని ఉంటుంది. అడుగున కాస్త జాగా ఉంటే, నా వంకర అక్షరాలతో నేనే కలిపాను.

'కుళాయికి పిడి ఉండదు. తట్టొద్దు. చెయ్యి కింద పెట్టి ఆగు, నీళ్ళొస్తాయి.'